బుడ్డకాయ: ఒక కలుపు మొక్క గురించి పాఠం



వార్షికోత్సవ సంచికకు వ్యాసం పంపమని కబురు అందగానే మేము నలుగురం పాత విద్యార్థులం ఫోన్లో చాలాసేపు వాదించుకున్నాం. ఒకరు అంబేద్కర్ గారి చదువు గురించి రాద్దామన్నారు. ఇంకొకరు పోటీ పరీక్షలకు ఎలా సిద్ధం కావాలో రాద్దామన్నారు. ఆ రెండూ మాకంటే బాగా రాయగల అన్నలు ప్రతి సంచికలోనూ ఉన్నారు. చివరకు మా నలుగురికీ చిన్నప్పటినుంచి తెలిసినది, ఇంతవరకు ఈ పుస్తకంలో ఎవరూ రాయనిది ఒకటి తేలింది. అది బుడ్డకాయ. నవ్వే తమ్ముళ్ళు ముందే నవ్వేయండి. మెస్ వెనకాల చేతులు కడిగే తొట్టి పక్కన వానలు పడగానే మొలిచి, కాగితపు లాంతరు లాంటి సంచిలో గోలీ అంత పండు దాచుకునే ఆ మొక్క గురించే ఈ పాఠం.

మాలో ఇద్దరివి మదనపల్లె దగ్గరి పల్లెలు. ఒకరిది పుంగనూరు వైపు, ఒకరిది కుప్పం వైపు. కుప్పం వాడు ఇంత దూరం వచ్చి మన హాస్టల్లో ఎందుకు చేరాడంటే వాళ్ళ మేనమామ ఇక్కడ ఉండడం వల్ల. నలుగురి ఇళ్ళలోనూ అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామో ముందుకు పోతే తెలుస్తుంది.

ఎర్ర సిరా సున్నా

మేము ఇంటర్ మొదటి సంవత్సరం చదివిన నాటి వృక్షశాస్త్రంలో ఫాబేసి, సొలనేసి, లిలియేసి అని మూడు కుటుంబాలు ఉండేవి. ఎనిమిది మార్కుల ప్రశ్న వీటిలో ఒకటి తప్పక వస్తుందని బట్టీ పట్టేవాళ్ళం. సొలనేసికి ఉదాహరణలంటే వంకాయ, టమాటా, బంగాళాదుంప, మిరప, పొగాకు, ఉమ్మెత్త అని గుక్క తిప్పుకోకుండా రాసేవాళ్ళం. త్రైమాసిక పరీక్షలో మా పుంగనూరు మిత్రుడు ఆ వరుస చివర 'బుడ్డకాయ' అని ఒక మాట చేర్చాడు. పేపర్లు ఇచ్చిన రోజు చూస్తే ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో ఒక సున్నా, పక్కన ఒక ప్రశ్నార్థకం.

వాడికి మార్కు ఏమీ పోలేదు. మిగతా ఉదాహరణలు సరిపోయాయి. అయినా ఆ రాత్రి ట్రంకు పెట్టె మీద పేపరు పరుచుకుని "ఇది తప్పేమిరా?" అని మమ్మల్ని అడిగాడు. మాలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయాం. ఆ పండు తిన్నాం, దాని బుడ్డను నుదుటి మీద టప్పున పగలగొట్టి ఆడుకున్నాం. అది ఏ కుటుంబమో మాత్రం మాకు తెలియదు. అసలు ఎందుకు రాశావురా అంటే వాడు చెప్పిన జవాబు ఇది: "పువ్వు చూస్తే చిన్న గంట మాదిరి ఉంది, ఐదు మూలలుంది. కాయ కోస్తే లోపల టమాటా మాదిరి గింజలు. మా అవ్వ కూడా ఇది టమాటాకు దాయాది అంటాది."

మరుసటి ఆదివారం తొట్టి పక్కనున్న ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టి, సోమవారం లెక్చరర్ గారి బల్ల మీద పెట్టాం. ఆయన కోప్పడలేదు. బ్లేడు, చేతి లెన్సు తెప్పించి, పువ్వును నిలువుగా కోసి, "మీరే లెక్కపెట్టండి" అన్నారు.

లెక్కపెట్టాం. రక్షక పత్రాలు ఐదు, కలిసి ఉన్నాయి. ఆకర్షక పత్రాలు ఐదు, అవీ కలిసే ఉన్నాయి. లేత పసుపు రంగు, లోపల గొంతు దగ్గర గోధుమ రంగు మరకలు. కేసరాలు ఐదు, ఆకర్షక పత్రావళికి అంటుకుని ఉన్నాయి. అండాశయాన్ని అడ్డంగా కోస్తే రెండు గదులు, మధ్యలో ఉబ్బిన దిండు లాంటి భాగం మీద కిక్కిరిసిన అండాలు. అంటే మనం బట్టీ పట్టిన 'ద్విఫలదళ సంయుక్త అండాశయం, స్తంభ అండన్యాసం' అనే మాటలు మా అరచేతిలో ఉన్నాయి. ఫలం మృదుఫలం. ఆయన పేపరు తెమ్మని అడిగి, ఆ ప్రశ్నార్థకాన్ని కొట్టేసి, ఎర్ర సున్నా లోపల ఒక టిక్కు పెట్టారు. సున్నా మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ పేపరు ఇప్పటికీ మా మిత్రుడి దగ్గర ఉంది.

బుడ్డ ఎలా తయారవుతుంది?

వంకాయకు పైన ఉండే ముచ్చిక, టమాటా పండుకు పైన ఉండే ఆకుపచ్చ నక్షత్రం అందరూ చూసినవే. అవి రక్షక పత్రాలు. చాలా మొక్కల్లో పువ్వు వాడగానే అవి రాలిపోతాయి. సొలనేసిలో సాధారణంగా రాలవు, పండుతో పాటు నిలిచి ఉంటాయి. బుడ్డకాయ ఇంకొక అడుగు ముందుకు వేసింది. దాని రక్షక పత్రాలు నిలిచి ఉండడంతో ఆగకుండా, పువ్వు రాలాక మళ్ళీ పెరగడం మొదలుపెట్టి, పిందెను అన్ని వైపులా కమ్మేసి, కింద కొసలు కలిపి మూతి బిగిస్తాయి. ఆ సంచే బుడ్డ.

దీన్ని కళ్ళారా చూడాలని పది పూలకు ఎర్ర దారం కట్టి రోజూ సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు నోటుబుక్కులో రాసుకున్నాం. మాకు ఆశ్చర్యం కలిగించినది ఒకటుంది. పిందె ఇంకా మిరియపు గింజంత ఉండగానే బుడ్డ చాలా పెద్దదైపోయింది. కోసి చూస్తే లోపల దాదాపు అంతా గాలే. పిల్ల పుట్టకముందే పెద్ద ఇల్లు కట్టినట్టు, ముందు ఇల్లు, ఆ తర్వాత నిదానంగా కాయ. నెల దాటాక బుడ్డ ఆకుపచ్చ పోయి ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఒకరోజు పొద్దున చూస్తే దారం కట్టిన వాటిలో మూడు కింద పడి ఉన్నాయి. మాగిన పండు చెట్టు మీద ఉండదు, బుడ్డతో సహా నేల మీదికి రాలుతుంది. అందుకే ఇంగ్లీషు వాళ్ళు దీని జాతి మొక్కల్ని గ్రౌండ్ చెర్రీ అంటారు.

ఇంకొక ప్రయత్నం కూడా చేశాం. వేరే ఐదు పిందెలకు బుడ్డను కత్తెరతో కత్తిరించి వదిలాం. రెండింటికి ఎండకు తెల్ల మచ్చలు పడ్డాయి. రెండింటిని పురుగు తొలిచింది. మిగిలిన ఒక్కటి మాగింది గానీ చిన్నదిగా ఉండిపోయింది. ఐదు కాయలతో శాస్త్రం తేలదు, ఆ మాట మాకూ తెలుసు. అయితే పుస్తకాల్లో చదివినది దీనికి దగ్గరగానే ఉంది: పచ్చగా ఉన్నంతకాలం బుడ్డ కూడా ఆకులాగే ఎండను వాడుకుని ఆహారం తయారుచేసి కాయకు పంపుతుంది. ఎండ, పురుగుల నుంచి కాపాడుతుంది. ఎండిపోయాక గాలికి దొర్లుతూ గింజల్ని కొంత దూరం మోసుకుపోతుంది కూడా.

ఈ బుడ్డ ఎంత పాతదో తెలుసా? దక్షిణ అమెరికాలో అర్జెంటీనా దేశపు పటగోనియా ప్రాంతంలో, లగూనా దెల్ హుంకో అనే చోట రాతిలో అచ్చుపడిన బుడ్డకాయలు రెండు దొరికాయి. వాటి వయస్సు సుమారు 5 కోట్ల 20 లక్షల సంవత్సరాలని 2017 జనవరిలో సైన్స్ పత్రికలో ప్రకటించారు. బుడ్డ ఈనెలతో సహా రాతిలో కనబడుతుంది. అంతకు ముందు ఈ కుటుంబమే అంత పాతది కాదని లెక్కలు వేసిన వాళ్ళు మళ్ళీ లెక్కలు చూసుకోవాల్సి వచ్చింది. మనిషి ఊసే లేని కాలంలో, దక్షిణ అమెరికా ఇంకా అంటార్కిటికాకు ఆనుకుని ఉన్న రోజుల్లో, అక్కడ బుడ్డకాయ కాసింది.

పేర్ల పంచాయతీ

మా నలుగురికీ ఈ మొక్క తెలుసు గానీ నలుగురం ఒకే పేరుతో పిలవలేదు. మదనపల్లె వైపు మేము బుడ్డకాయ అంటాం. కర్ణాటక వైపు చుట్టరికాలున్న పుంగనూరు మిత్రుడికి గుడ్డె హణ్ణు అన్న కన్నడ పేరు కూడా తెలుసు. కుప్పం వాడు సొడక్కు తక్కాళి అన్నప్పుడు మేమంతా పడి నవ్వాం. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే అరుగు మీద కూర్చుంటాయి కదా. సొడక్కు అంటే తమిళంలో చిటిక. బుడ్డను నుదుటికి కొడితే వచ్చే శబ్దం నుంచి ఆ పేరు పుట్టింది. పిల్లలు ఆడుకునే ఆట పేరే మొక్క పేరుగా మారడం మాకు ఎంతో నచ్చింది. పుస్తకాల్లో చూస్తే కుపంటి, బుడ్డ బుడమ, బుడ్డకాశ అనే పేర్లు కూడా కనిపించాయి. ఇక్కడ ఒక చిక్కు. బుడమకాయ అని పప్పులోకి, పచ్చడికి వాడే పుల్లటి చిన్న కాయ ఒకటుంది. అది దోస జాతి తీగ. బుడ్డకాయకు, దానికి సంబంధం లేదు. పేర్లు ఇలా కలిసిపోతాయి కాబట్టే ప్రపంచమంతటికీ ఒకే శాస్త్రీయ నామం కావాల్సి వచ్చింది.

మన బుడ్డకాయ శాస్త్రీయ నామం ఫైసాలిస్ మినిమా. పెట్టినవాడు స్వీడన్ దేశపు లిన్నేయస్, 1753లో. మినిమా అంటే అన్నిటికంటే చిన్నది. ఫైసాలిస్ అన్న మాట ఫైసా అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. దాని అర్థం గాలితో ఉబ్బిన తిత్తి, బుడగ. ఇక బుడ్డ అంటే ఏమిటి? ఉబ్బినది. మన పక్క జిల్లాల్లో శెనక్కాయల్ని కూడా బుడ్డలనే అంటారు. లిన్నేయస్ గ్రీకు వెతుక్కుని పెట్టిన పేరు, బడి ముఖం చూడని మా అవ్వలు పలికే పేరు ఒకే అర్థం చెబుతున్నాయి. ఇద్దరూ ఒకే సంచిని చూశారు. ఈ సంగతి తెలిసిన రోజు మా పుంగనూరు మిత్రుడు ఎర్ర సున్నా పేపరు మళ్ళీ తీసి చూసుకున్నాడు.

ఇక టమాటాకు దాయాది అన్న మాట. ఒకే కుటుంబం కాబట్టి అది నిజమే. అయితే ఈ మధ్య డీఎన్ఏ ఆధారంగా వేసిన వంశవృక్షాల్లో బుడ్డకాయకు టమాటా కంటే మిరప దగ్గరి చుట్టమని తేలింది. టమాటా, వంకాయ, బంగాళాదుంప ఒక శాఖ. బుడ్డకాయ, దాని తోబుట్టువుల శాఖకు ఆనుకుని ఉన్నది మిరప శాఖ. నోట్లో వేసుకుంటే ఈ చుట్టరికం ఎవరూ నమ్మరు.

తినేముందు

ఈ భాగం తమ్ముళ్ళు జాగ్రత్తగా చదవాలి. మేము ఏడో తరగతిలో ఉండగా మాలో ఒకడు పందెం కాసి పచ్చి బుడ్డకాయలు గుప్పెడు తిన్నాడు. రాత్రికి కడుపు నొప్పి, వాంతులు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉండి వచ్చాడు. తప్పు పందెం కాసిన మాది, తిన్న వాడిది. సొలనేసి మొక్కల్లో చాలావాటి పచ్చి భాగాల్లో సొలనిన్ వంటి విష పదార్థాలు ఉంటాయి. బంగాళాదుంప పచ్చబడితే తినకూడదని చెప్పేది అందుకే. బుడ్డకాయలో ఆకు, కాండం, బుడ్డ, పచ్చికాయ ఏదీ తినకూడదు. బుడ్డ ఎండి, కింద రాలి, లోపల పండు పసుపు రంగుకు తిరిగాకే తినేది. నోట్లో పెట్టగానే చేదుగా ఉంటే ఉమ్మేయాలి.

రెండోది, పోలికలు. మన మెట్ట పొలాల గట్ల మీద పెన్నేరు మొక్క ఉంటుంది. దాన్నే అశ్వగంధ అంటారు. దానికీ బుడ్డ ఉంటుంది, లోపల ఎర్రటి చిన్న పండు. అదీ సొలనేసియే. దాని వేరు మందు, పండు మాత్రం మనం తినేది కాదు. కామంచికి నల్ల పండ్లు గుత్తులుగా వస్తాయి, బుడ్డ ఉండదు. ఇక ఉమ్మెత్త కాయ ముళ్ళతో ఉంటుంది కాబట్టి పొరపడే అవకాశం తక్కువ. కానీ అది ప్రాణం తీసే విషం. కొత్త మొక్కను ఊరి పెద్దవాళ్ళకు చూపించకుండా నోట్లో పెట్టకండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యమని మా అభిప్రాయం. మన చిన్నప్పుడు చేలో కనబడిన పండు తుడుచుకుని తినేవాళ్ళం. ఇప్పుడు టమాటా తోటల్లో పూత నుంచి కోత దాకా మందులు కొడతారు. సాలు మధ్యలో ఉన్న బుడ్డకాయ మీదా ఆ మందు పడుతుంది. బుడ్డ ఉంది కదా, లోపలికి పోదులే అనుకోవద్దు. మందు కొట్టే తోటలోని బుడ్డకాయ ఎంత మాగినా తినవద్దు.

అమ్మ పీకేది, అమ్మ తెచ్చేది

మదనపల్లె అంటే టమాటా. ఇక్కడి మార్కెట్టుకు ఆసియాలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటని పేరు. ఈ ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండడం, చల్లటి రాత్రులు, ఎర్రనేలలు టమాటాకు కలిసివచ్చాయి. మండీల్లో క్రేట్లు దించుకుని వేలం పాడుతుంటే దూర రాష్ట్రాల లారీలు బయట కాచుకుని ఉంటాయి. 2023 జులైలో ఇక్కడ మేలు రకం కిలో 150 రూపాయలు దాటింది. కిలో రెండు మూడు రూపాయలకు పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసిన రోజులు కూడా మేము చూశాం. మన హాస్టల్ సాంబారు రంగు చూసి ఆ రోజు మార్కెట్ ధర చెప్పేవాళ్ళం. ఎర్రగా ఉంటే ధర పడిపోయినట్టు, చింతపండు రంగుకు తిరిగితే లేచినట్టు.

ఆ తోటల్లో మా అమ్మలు చేసే పని కలుపు తీయడం. ఆ కలుపులో బుడ్డకాయ ఒకటి. ఇంటర్ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు, ఈ మొక్కకు ఇంత చరిత్ర ఉంది, దీన్ని పీకేయడం ఎందుకని మాలో ఒకడు వాళ్ళమ్మతో వాదించాడు. ఆమె చెయ్యి ఆపకుండా "దీన్ని పీకేదానికే గదరా మాకు కూలి ఇచ్చేది" అంది. వాడికి మాట రాలేదు.

ఆమె చేసే పనికి శాస్త్రంలో కారణం ఉంది. టమాటాకు ఆకుముడత తెగులు తెచ్చే వైరస్‌ను తెల్లదోమ మోసుకొస్తుంది. పంట లేని రోజుల్లో ఆ దోమకు, వైరస్‌కు చేలోనూ గట్ల మీదా ఉండే కలుపు మొక్కలే ఆశ్రయం ఇస్తాయి. టమాటా కుటుంబానికే చెందిన కలుపు అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. చుట్టరికం ఉన్నచోట జబ్బులు కూడా పంచుకుంటారు కదా. కాబట్టి టమాటా తోటలో బుడ్డకాయను ఉంచమని మేము చెప్పడం లేదు. ఇదీ ఆ అమ్మకు తెలుసు. సాలులో దాన్ని పీకే చేతితోనే, గట్టు మీద మందు తగలని చోట రాలిన పండ్లు ఏరి కొంగున ముడివేసుకుని తెచ్చేది. ఆ ముడి విప్పే సమయానికి మేమంతా గుమిగూడేవాళ్ళం. ఏది ఎక్కడ ఉండాలో, ఏది ఎప్పుడు తినాలో తేల్చి చెప్పగలిగిన మనిషి ఆమె. మేము దానికి పేర్లు చేర్చాం, అంతే.

ఇలాంటి కథే భూగోళానికి అవతల మెక్సికోలో ఉంది. అక్కడి పాత భాష నహువాత్‌లో తొమాత్ల్ అంటే రసం నిండిన గుండ్రటి పండు. మనం ఇప్పుడు టమాటా అంటున్న ఎర్ర పండును వాళ్ళు షితొమాత్ల్ అనేవారు. బుడ్డలో కాసే పచ్చటి పండును మిల్‌తొమాత్ల్ అనేవారు, అంటే చేను టమాటా. మొక్కజొన్న చేలలో దానంతట అదే మొలిస్తే పీకేయకుండా వదిలేవారు, కాస్తే కోసుకునేవారు. రానురాను అది తోట పంట అయింది. స్పెయిన్ వాళ్ళు 1521లో ఆ రాజ్యాన్ని జయించాక తొమాత్ల్ అన్న మాటను తొమాతె చేసుకున్నారు. అదే తిరిగి తిరిగి మన టమాటా అయింది. మధ్య మెక్సికోలో నేటికీ తొమాతె అంటే బుడ్డలో కాసే పచ్చ పండే. ఎర్రదానికి హితొమాతె అని వేరే పేరు ఉంది. ప్రపంచమంతా ఆ పచ్చ పండును తొమాతిల్యో అంటుంది. వాళ్ళ పచ్చటి పచ్చడికి అదే మూలం.

మా కుప్పం మిత్రుడు ఇక్కడ ఒక మాట పట్టుకున్నాడు. తమిళంలో టమాటాను తక్కాళి అంటారు. టమాటా మన దేశానికి వచ్చింది యూరప్ వాళ్ళ తర్వాత. మరి తక్కాళి అన్న మాట అంతకు ముందు దేనికి ఉండేది? తమిళ నిఘంటువు చూస్తే తక్కాళి అంటే బుడ్డకాయ అని ఉంది. టమాటాకు సీమ తక్కాళి అని పేరు. అంటే అక్కడ మెక్సికోలో, ఇక్కడ మన పక్కింట్లో, రెండు చోట్లా బుడ్డకాయ కుటుంబపు పేరును టమాటా తీసేసుకుంది. పేరు ఇచ్చినదేమో కలుపు అయింది, పేరు తీసుకున్నది క్రేట్లలో లారీ ఎక్కింది. తెలుగులో టమాటాకు రామ ములగ అనే పాత పేరు ఒకటి ఉండేది. అది మన వైపు ఎవరి నోటా మేము వినలేదు.

బెంగళూరు డబ్బా

బుడ్డకాయ జాతి మొక్కలు ప్రపంచంలో 80కి పైగా ఉన్నాయి. ఎక్కువవాటి పుట్టిల్లు మెక్సికోయే. వాటిలో ఒకటి ఫైసాలిస్ పెరూవియానా, పెరూ దేశపు కొండల మొక్క. దక్షిణాఫ్రికాలోని కేప్ ఆఫ్ గుడ్ హోప్ దగ్గర 1800 ప్రాంతాల్లో తోటల్లో పెంచడం మొదలుపెట్టారు. అందువల్ల కేప్ గూస్‌బెర్రీ అని పేరు వచ్చింది. ఉత్తర భారతంలో రస్‌భరి అంటారు. ఇప్పుడు ఎక్కువగా ఎగుమతి చేసే దేశం కొలంబియా.

మాలో బెంగళూరులో పనిచేసే మిత్రుడు ఒక పెద్ద దుకాణంలో ఈ పండ్లు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో చూశాడు. డబ్బాలో పది పన్నెండు పండ్లు, బుడ్డలతో సహా. ధర చూసి తిరిగి పెట్టేశాడట. మళ్ళీ మనసు ఒప్పక కొన్నాడు. అది కుప్పం మిత్రుడి ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేతిలో పెడితే ఆమె ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని, "సొడక్కు తక్కాళినే గదరా ఇది. కొంచెం లావుంది. దీనికి దుడ్డిచ్చినావా?" అని నోరు నొక్కుకుంది. మిగిలిన పండ్లలో నాలుగు మాత్రం పిండి, గింజలు కడిగి, బూడిదలో ఆరబెట్టి మాకు ఇచ్చింది.

పోషక విలువ సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే ఈ మధ్య దీన్ని అమృతం అని చెప్పేవాళ్ళు బయలుదేరారు. 100 గ్రాముల కేప్ గూస్‌బెర్రీలో సుమారు 53 కిలో కాలరీల శక్తి, 11 మిల్లీగ్రాముల విటమిన్ సి, 1 మిల్లీగ్రాము ఇనుము, నియాసిన్ 2.8 మిల్లీగ్రాములు ఉంటాయి. విటమిన్ ఏ కూడా కొంత ఉంది. మంచి పండే. కానీ మన ఊరి జామకాయలో అంతే తూకానికి విటమిన్ సి 200 మిల్లీగ్రాములు దాటుతుంది. డబ్బు పెట్టి కొనేటట్టయితే జామకాయ కొనుక్కోండి. ఊరకే దొరికితే ఇది తినండి.

మొలిపించే పద్ధతి టమాటా నారు మాదిరే. గింజ చాలా చిన్నది కాబట్టి పైన పలుచగా మట్టి చల్లితే చాలు. నాలుగు నుంచి ఆరు వారాల నారును రెండు మూడు అడుగుల దూరంలో నాటాలి. నీళ్ళు నిలవని నేల కావాలి. ఎరువు ఎక్కువ వేస్తే ఆకు గుబురుగా వచ్చి కాయ తగ్గుతుంది. మేము ఉత్సాహం కొద్దీ మొదటిసారి పేడ ఎరువు దండిగా వేసి నడుము ఎత్తు ఆకులు పండించాం, పండ్లు రెండు పిడికిళ్ళు కూడా రాలేదు. పూర్తిగా మాగిన పండు బుడ్డలోనే ఉంచితే కొన్ని వారాలు చెడిపోదు. ఫ్రిజ్ లేని మన ఇళ్ళకు ఇది చెప్పుకోదగ్గ గుణం.

2018లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు గ్రౌండ్ చెర్రీ మీద ఒక పని చేశారు. టమాటా జన్యువుల గురించి అప్పటికే తెలిసినదాన్ని వాడుకుని, క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో, అడ్డదిడ్డంగా పాకే మొక్కను పొట్టిగా చేసి, పండు సైజు కొంత పెంచగలిగారు. టమాటాకు వేల ఏళ్ళు పట్టిన మార్పుల్లో కొన్ని ఇక్కడ కొద్ది ఏళ్ళలో జరిగాయి. పండు ఊరికే నేల రాలే గుణాన్ని ఇంకా సరిచేయాల్సి ఉందని వాళ్ళే అన్నారు. వ్యవసాయ డిగ్రీ చదవాలనుకునే తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే, మన బుడ్డకాయ గురించి పని చేయడానికి చోటు చాలా మిగిలి ఉంది.

వార్డెన్ సార్ అనుమతితో పోయిన ఆగస్టులో మెస్ వెనక గోడ పక్కన మూడు వరుసలు గీశాం. మొదటి రెండు వరుసల్లో కుప్పం అమ్మ ఇచ్చిన గింజల నారు నాటాం. అందులో పదకొండు మొక్కలు నిలిచాయి. తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు చేతులు కడిగిన నీళ్ళు వాటికి మళ్ళించి, పూసిన తేదీ, బుడ్డ కట్టిన తేదీ, రాలిన తేదీ పుస్తకంలో రాస్తున్నారు. ఆ పుస్తకం స్టడీ హాలు అలమరలో ఉంది, పాత విద్యార్థులు వచ్చినప్పుడు చూడవచ్చు. మూడో వరుస ఊరి బుడ్డకాయకని వదిలిపెట్టాం. మేము గింజలు తెచ్చేలోపే వాన పడింది, అది దానంతట అదే మొలిచింది.